ఉమ్మడి గోడ – అగ్ని భయం

(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఏటా ఈ సభలో పిల్లల చదువుల గురించో, పెండ్లి ఖర్చుల గురించో పెద్దలు మాట్లాడతారు. ఈసారి కార్యదర్శిగారు మమ్మల్ని మాట్లాడమన్నప్పుడు, "మాకు వచ్చిన విద్య గోడలు కట్టించడమొక్కటే, దాని మీద మాట్లాడమంటారా?" అని అడిగినాం. "అదే మాట్లాడండి, సమయం కూడా అదే" అన్నారు. ఎందుకు సమయమో మీకందరికీ తెలుసు. ఆళ్ళగడ్డలో మన సంఘం స్థలంలో దిక్కులేని ఆడవాళ్ళ కుటుంబాల కోసం పది ఇండ్లు కట్టించాలని తీర్మానమైంది. ప్లాను గీయించినారు. ఆ ప్లాను మేమూ చూసినాం. పది ఇండ్లూ ఒకే వరుస. ఇంటికీ ఇంటికీ నడుమ ఒకటే గోడ, నాలుగున్నర అంగుళాలది. పైన ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒకటే రేకుల కప్పు. నాలుగు రూపాయలు మిగిలితే ఇంకో ఇల్లు కట్టవచ్చునని అట్లా గీయించినారు. ఉద్దేశం మంచిదే, కాదనము. ఆ నడిమి గోడ గురించి మాత్రం మాకు తెలిసిన నాలుగు మాటలు చెప్పనివ్వండి.

మా చిన్నతనంలో నంద్యాలలో మేమొక మిద్దెల వరుసలో ఉండేవాళ్ళం. ఇప్పటి పిల్లలకు మిద్దె అంటే మేడ మీది గది. అప్పటి మిద్దె వేరు. రాయీ మట్టీ కలిపి మూరెడు మందాన గోడ. దాని మీద దూలాలు, దూలాల మీద దంతెలు, దంతెల మీద కట్టెపేళ్ళు, వాటి మీద చౌడుమన్ను తొక్కించిన కప్పు. వెలుతురుకూ పొగకూ నడిమధ్య ఒక గవాక్షి. బోద కప్పిన కొట్టాలు ఎండాకాలం ఒకటి అంటుకుంటే గాలివాటున వరుసంతా బూడిదయ్యేది. మిద్దెకు ఆ భయం లేదు, నిప్పురవ్వ వచ్చి పడినా మట్టి మీద ఆరిపోతుంది. అందుకే నాలుగు డబ్బులు చేతికి వచ్చినవాడు మొదట చేసే పని కొట్టాం పీకి మిద్దె వేసుకోవడం.

మా పక్క మిద్దె ఒక దూదేకుల పెద్దమనిషిది. పరుపులు, దిండ్లు కుట్టేవాడు. ఆయన ఇల్లు కట్టుకునేటప్పుడు మా నాయన దగ్గరికి వచ్చి, "భాయీ, ఇంకో గోడ లేపే శక్తి నాకు లేదు, నా దూలాలు మీ గోడలో పెట్టుకోనా?" అని అడిగినాడు. మా నాయన రెండో మాట అనలేదు. పొరుగువాడు తన గోడలో దూలం పెట్టుకుంటానంటే అడ్డు చెప్పవద్దని ప్రవక్త సల్లల్లాహు అలైహి వసల్లం వారు చెప్పినట్లు బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఉన్నది. అది తప్పనిసరి విధా, ఉత్తమమైన నడవడికా అని ఇమాములు భేదపడినారు గాని, మంచిపని కాదని ఎవరూ అనలేదు. మా నాయన చదివింది తక్కువ. ఆ మాట మాత్రం ఆయనకు తెలుసు.

మేస్త్రీ వచ్చి అవతలి వైపు నుంచి గోడకు కన్నాలు కొట్టినాడు. మా దూలాలు ఎక్కడ ఉన్నాయో అక్కడే కొడితే పని తేలిక, కొలతలు చూడనక్కరలేదు. అట్లే కొట్టినాడు. ఆయన దూలం కొస వచ్చి మా దూలం కొసకు ఆనింది. చుట్టూ చెయ్యి దూరేంత సందు మిగిలింది. మట్టితో పూడుద్దామనుకున్నారు, వానలు పడుతున్నాయని వాయిదా వేసినారు. ఆ తరువాత రెండు వైపులా అటకలు కట్టుకున్నాం. సందులు చీకట్లో కలిసిపోయినాయి. ఎలుకలు గూళ్ళు పెట్టుకున్నాయి. అవతలి అటక మీద ఆయన దూది మూటలు, ఇవతలి అటక మీద మా ఆపా పెండ్లికి అమ్మ కూడబెట్టిన బట్టల పెట్టె, బొంతలు, రజాయిలు.

ఒక ఎండాకాలం రాత్రి ఆయన అటక అంటుకుంది. దూది సంగతి మీకు తెలుసు. ముందు మంట కనిపించదు, లోలోపల రాజుకుంటుంది. తెలిసేసరికి ఆలస్యమైపోతుంది. దేవుని దయవల్ల మనుషులందరూ బయటపడినారు. వీధివాళ్ళంతా బావి నుంచి నీళ్ళు మోసి పోసినాం. మా అమ్మ ఒకసారి, "మన సామాను కూడా బయట పెడదామా?" అనింది. "నడుమ మూరెడు గోడ ఉంది, మనకేం భయం? ముందు భాయి ఇల్లు చూడండి" అన్నాడు మా నాయన. తెల్లవారుజామున, ఫజర్ అజాకు కొంచెం ముందు, అవతల మంట తగ్గుతుండగా మా గవాక్షిలో నుంచి పొగ లేచింది.

మా అటక మీద ఒక్క గుడ్డపేలిక మిగలలేదు. రెండు దూలాలు కూలినాయి. కూలేటప్పుడు వాటి కొసలు గోడను పెకలించి పై వరుసల రాళ్ళను కూడా కిందికి తెచ్చినాయి. ఆపా పెండ్లి ఏడాది వెనక్కి పోయింది. తెల్లవారినాక మా నాయన ఆ నడిమి గోడ మధ్యలో చెయ్యి పెట్టి చూసి, మమ్మల్ని పిలిచి మా చెయ్యి కూడా పెట్టించినాడు. గోరువెచ్చగా కూడా లేదు. గోడ నిప్పును ఆపింది. మేము దానికి పెట్టిన కన్నం నిప్పుకు దారి ఇచ్చింది.

పక్కింటాయన సిగ్గుతో మా నాయనకు ముఖం చూపలేక కొన్నాళ్ళకు ఊరు మారిపోయినాడు. మా నాయన రెండుసార్లు కబురంపినాడు, "గోడ ఇచ్చింది నేను, పూడ్చనిది కూడా నేనే" అని. ఆయన రాలేదు. దూలం పెట్టుకోనిచ్చినందుకు మా నాయన ఎన్నడూ బాధపడలేదు. నాలుగు తట్టల మట్టి వెయ్యకపోయినందుకు బతికినన్నాళ్ళూ బాధపడినాడు.

మేము కట్టడపు పనిలోకి దిగినాక ఈ సంగతి మనసులో పెట్టుకుని, దొరికిన పుస్తకమల్లా చూసినాం, తెలిసిన ఇంజనీర్లనల్లా అడిగినాం. గోడ నిప్పును ఎంతసేపు ఆపుతుందో తేల్చడానికి పరీక్ష ఉంది. గోడ కట్టి ఒక వైపున కొలిమి పెడతారు. వేడి ఇంత సమయానికి ఇంత ఉండాలని చాలా దేశాలు ఒప్పుకున్న లెక్క ఉంది. అరగంటకు సుమారు 840 డిగ్రీల సెంటీగ్రేడు, గంటకు 945, నాలుగు గంటలకు 1150 దాటుతుంది. అప్పుడు గోడను మూడు ప్రశ్నలు అడుగుతారు. నిలబడిందా, కూలిందా? అవతలి ముఖం వేడెక్కిందా? సగటున 140 డిగ్రీలకు మించి వేడి పెరగరాదు. మూడోది, పగుళ్ళలో నుంచి మంట దాటిందా? దీన్ని ఎట్లా చూస్తారో తెలుసునా? అవతలి వైపున పగులు దగ్గర ఒక దూది మెత్తను పట్టుకుంటారు. దూది అంటుకుంటే గోడ ఓడిపోయినట్లే. ఇది మొదటిసారి చదివిన రోజు మాకు చాలాసేపు నోట మాట రాలేదు. మా ఇంట్లో ఆ పరీక్ష ముందే జరిగిపోయింది.

ఇప్పుడు ప్లాను సంగతికి వస్తాం. మొన్న కమిటీలో ఒక చిన్నవాడు, మన సభ్యుల కొడుకే, ఇంజనీరింగు చదివినవాడు, లేచి ఒక మాటన్నాడు. "చాచా, నాలుగున్నర అంగుళాల ఇటుక గోడ కూడా లెక్క ప్రకారం సుమారు రెండు గంటలు ఆపుతుంది. తొమ్మిది అంగుళాలు పెడితే నాలుగు గంటలు. మనకు రెండు గంటలు చాలదా? అంతలో ఫైరింజను వస్తుంది." ఆ పిల్లవాడు చెప్పింది నిజమే. అమెరికాలో కూడా ఆనుకుని కట్టే ఇండ్ల నడుమ గోడకు ఒక గంట, రెండు గంటల లెక్కనే అడుగుతారు. కాగితం మీద అతడు నెగ్గినాడు, మేము ఓడినాం.

కాని పరీక్షలో పెట్టే గోడకు కన్నం లేదు. మన ఇండ్లలో గోడ అట్లా ఉంటుందా? ఇటుక గోడ నాలుగున్నర అంగుళాలు. ఇవతల మీరు స్విచ్చి బోర్డు పెట్టుకుంటారు, రెండంగుళాల లోతు డబ్బా. అవతలావిడ కూడా సరిగ్గా అక్కడే పెట్టుకుంటుంది, ఎందుకంటే రెండు ఇండ్లూ అద్దంలో చూసినట్లు ఒకే మాదిరి కట్టినవి. రెండూ రెండూ నాలుగు. మిగిలింది అర అంగుళం. అదైనా ఇటుక ముక్కా, సున్నమా తెలియదు. కరెంటు పనివాడు సుత్తి గట్టిగా కొడితే అదీ లేదు. అవతలి రేడియో ఇవతలికి వినిపిస్తూంటే ఇక ఆ గోడకు రెండు గంటల లెక్క ఎక్కడిది? అమెరికా నియమాల్లో ఇట్లా ఎదురెదురుగా వచ్చే డబ్బాల నడుమ అడ్డంగా రెండడుగుల ఎడం ఉండాలని ఉంది. ఎడం ఉంచడానికి డబ్బు ఖర్చు కాదు, ముందుగా గీత గీసుకోవాలి, అంతే.

తరువాత తాక్‌లు. మన ఇండ్లలో తాక్ లేనిదే గోడకు అందం లేదు. దీపం పెట్టుకోవడానికి, ఖురాన్ షరీఫ్ పెట్టుకోవడానికి, తాళాలు వేసుకోవడానికి తలా ఒకటి. ఉమ్మడి గోడలో మాత్రం వద్దు. వెనక గోడలో పెట్టుకోండి, ముందు గోడలో పెట్టుకోండి.

ఇంకొకటి మన నేల. నంద్యాల, ఆళ్ళగడ్డల చుట్టుపక్కలంతా రేగడి. వానకు ఉబ్బుతుంది, ఎండకు చెయ్యి దూరేటట్లు నెర్రెలిస్తుంది. పునాది లోతుగా, గట్టిగా లేకపోతే గోడ కూడా నేలతో పాటు నెర్రెలిస్తుంది. పై నుంచి కింది దాకా ఏటవాలుగా పగిలిన గోడలు మన ఊళ్ళలో ఎన్ని లేవు? మనం దాని మీద సున్నం కొట్టి, పండగకు రంగు వేసి మరిచిపోతాం. సన్నని గోడ పగిలితే ఇటు నుంచి అటు పగులుతుంది. రేగడి నేలల కోసమే రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థవారు కింద గడ్డలాగా ఉబ్బి ఉండే పైల్స్ కనిపెట్టినారు. మన పది ఇండ్లకు పునాది దగ్గర డబ్బు మిగల్చవద్దని పెద్దలకు మా మనవి. అగ్ని గురించి మాట్లాడుతూ పునాది ఎందుకంటారేమో, మంట దాటే పగులు పునాదిలోనే పుడుతుంది.

అందుకే తొమ్మిదంగుళాలు అడుగుతున్నాం. నాలుగు గంటల కోసం కాదు. సన్నని గోడ తప్పును ఓర్చుకోదు. మందం గోడ మన తప్పులు కొన్నింటిని కడుపులో పెట్టుకుంటుంది.

లెక్క కూడా వేసినాం. ఒక ఉమ్మడి గోడ ఇరవై అడుగుల పొడవు, పది అడుగుల ఎత్తు అనుకోండి. నాలుగున్నర బదులు తొమ్మిది పెడితే గోడకు 75 ఘనపుటడుగుల కట్టుబడి పెరుగుతుంది. ఎనిమిది గోడలకు 600 ఘనపుటడుగులు. సుమారు ఎనిమిది, తొమ్మిది వేల ఇటుకలు. పది ఇండ్లకు ఎనిమిది గోడలేమిటి, తొమ్మిది కదా అని లెక్కలు వచ్చినవారు అడుగుతారు. వరుసను రెండుగా విరగ్గొట్టమంటున్నాం, అయిదూ అయిదూ. ఉమ్మడి రాష్ట్రంలో 2012లో వచ్చిన జీ.వో. 168లో వరుస ఇండ్లు ఎనిమిదికి మించి ఒకే వరుసలో ఉండరాదని, వరుసకూ వరుసకూ నడుమ ఆరు మీటర్ల ఎడం ఉండాలని పెట్టినారు. ఆ తరువాత 2017లో మన రాష్ట్రానికి వేరే నిబంధనలు వచ్చినాయి. ప్లాను మునిసిపాలిటీకి పోయే ముందు తెలిసినవారి చేత అవి కూడా చూపించాలి. ఆ ఎడం వృథా స్థలమని ఎవరూ అనుకోవద్దు. పిల్లలు ఆడుకుంటారు. కట్టెలు, గడ్డివాము మాత్రం అక్కడ పెట్టనియ్యకూడదు.

"ఇటుకలెందుకు, నాపబండలు నిలబెట్టి అడ్డం పెడితే పోలేదా, మన దగ్గర చవక కదా" అని ఒక పెద్దాయన అన్నారు. బేతంచెర్ల, బనగానపల్లె, కొలిమిగుండ్ల బండ మీద మాకూ గౌరవమే, మా ఇంటి నేలంతా అదే. కాని నాపరాయి సున్నపురాయే కదా. బట్టీలో వేసి కాలిస్తే సున్నమయ్యే జాతి. 900 డిగ్రీల దగ్గర అది రాయిగా ఉండదు. అంతదాకా పోనక్కరలేదు, కాలిన పలుచని బండ మీద నీళ్ళు పడితే చీలిపోతుంది. ఆళ్ళగడ్డ శిల్పులనడగండి, పూర్వం కొండరాయిని చీల్చడానికి మంట పెట్టి నీళ్ళు చల్లేవారు. ఇల్లు కాలుతుంటే మనం చేసేది కూడా ఆ పనే, నీళ్ళు చల్లడం! మందంగా, సున్నమో సిమెంటో పెట్టి కట్టిన రాతిగోడ వేరు, దానికి పేరు పెట్టం. నిలువు బండ గొడ్లపాకకు చాలు.

ఈ ఉమ్మడి గోడ గొడవ మనకొక్కరికే వచ్చింది కాదు. లండనులో 1189 నాటికే ఇండ్ల నడుమ గోడ రాతిది కట్టాలి, మూడడుగుల మందం, పదహారడుగుల ఎత్తు ఉండాలని కట్టుబాటు చేసినారు. చేసినారు గాని కర్ర ఇండ్లు కడుతూనే పోయినారు. 1666లో నాలుగు రోజులు తగలబడి పదమూడు వేల పైచిలుకు ఇండ్లు పోయినాయి. మరుసటి సంవత్సరమే చట్టం వచ్చింది, ఇటుకా రాయీ తప్ప వేరే పెట్టవద్దని. అయినా మంట దాటుతూనే ఉంది. ఎక్కడి నుంచి? గోడ పై నుంచి. కప్పు కింద ఒక ఇంటి అటక, పక్క ఇంటి అటక కలిసిపోయి ఉండేవి. 1707లో ఇంకో చట్టం చేసి, నడిమి గోడ కప్పును చీల్చుకుని పద్దెనిమిది అంగుళాలు పైకి లేవాలన్నారు. అమెరికాలో ఇప్పుడు ముప్పై అంగుళాలు అడుగుతారు. కప్పు కాలని సరుకుతో చేసి ఉంటే కొన్ని మినహాయింపులున్నాయి.

మా చెల్లెలి కొడుకు అమెరికాలో ఉంటాడు. వాళ్ళు టౌన్‌హౌస్ అంటారు, మన వరుస మిద్దెల లాంటివే, కాకపోతే కర్రతో కడతారు. కర్ర ఇల్లని విని మేము భయపడి, "నడుమ గోడ ఏం పెట్టినారురా?" అని అడిగితే, కట్టేటప్పుడు తీసిన ఫొటోలు పంపినాడు. రెండు ఇండ్ల కర్రచట్రాల నడుమ అంగుళం మందం జిప్సం పలకలు రెండు, కింది నుంచి కప్పు దాకా నిలబెట్టి ఉన్నాయి. జిప్సంలో అయిదో వంతు బరువు నీరే ఉంటుంది, రాయిలో కలిసిపోయిన నీరు. ఆ నీరు ఆవిరయ్యేదాకా అవతలి వైపు చల్లగా ఉంటుంది. అంతకన్నా మమ్మల్ని ఆశ్చర్యపరచింది ఆ పలకలను పట్టుకునే అల్యూమినియం బిళ్ళలు. రెండు ఇండ్లకూ ఆ పలకలను అవే పట్టి ఉంచుతాయి. ఒక ఇల్లు కాలితే ఆ వైపు బిళ్ళలు 660 డిగ్రీల దగ్గర కరిగిపోతాయి. కాలిన ఇల్లు తనంతట తాను కూలుతుంది, గోడను లాక్కుపోదు. గోడ రెండో ఇంటిని పట్టుకుని నిలబడుతుంది. ఆ గోడ సందులో నీళ్ళ పైపులు, గాలి గొట్టాలు పోనియ్యరట.

అది చూసినప్పుడు మాకు మా కూలిన దూలాలు గుర్తుకొచ్చినాయి. ఆ దేశంలోనే పాతకాలపు ఇటుక మిల్లుల్లో వడ్రంగులు ఇంకో ఉపాయం చేసేవారు. గోడలోకి పోయే దూలం కొసను నిలువుగా కాక ఏటవాలుగా కోసేవారు, పై అంచు పొట్టిగా, కింది అంచు పొడుగుగా. దూలం కాలి మధ్యలో విరిగితే కొస జారి బయటికి వచ్చేస్తుంది, గోడను పెకలించదు. ఒక్క రంపపు కోత! అట్లే, రాతిగోడలోకి రెండు వైపుల నుంచి కర్రదూలాలు వస్తే కొసకూ కొసకూ నడుమ నాలుగంగుళాల గట్టి గోడ ఉండాలని అక్కడి నియమం. మా నాయన మేస్త్రీకి ఆ రోజు ఈ రెండు మాటలు ఎవరైనా చెప్పి ఉంటే, పొరుగాయన దూలం మా గోడలో ఉండేది, ఆయన మా పక్కనే ఉండేవాడు.

ఇక కప్పు. పది ఇండ్ల మీద ఒకటే రేకుల కప్పు అంటే, కింద ఎన్ని గోడలున్నా పైన ఒకటే ఇల్లు. రేకు అలలు అలలుగా ఉంటుంది కదా, గోడ పైన ప్రతి అల కిందా ఒక సొరంగం. పావురాళ్ళు దూరే సందులో పొగ దూరదా? సిమెంటు రేకైతే వేడికి టపాకాయల్లా పగిలి మీద పడుతుంది. ఇనుప రేకు కాలదు గాని దాన్ని మోసే పైపులు వేడికి సాగుతాయి. పది మీటర్ల ఇనుప పైపు ఆరువందల డిగ్రీలు వేడెక్కితే ఏడు సెంటీమీటర్లు సాగుతుంది, గోడను నెడుతుంది. సాగినాక సత్తువ పోయి వంగుతుంది. కనుక రేకులే వేస్తే ప్రతి గోడ దగ్గరా రేకూ పైపూ రెండూ తెంపి, గోడను అడుగున్నర పైకి లేపండి. "వాన పడితే ఆ కలుపు దగ్గర కారుతుంది" అంటారు. కారుతుంది, అబద్ధం చెప్పము. సిమెంటు వాలు వేసి, రేకుముక్క మడిచి గోడలో దిగ్గొట్టాలి, రెండు మూడేళ్ళకొకసారి చూసుకోవాలి. ఆ బాధ వద్దనుకుంటే, డబ్బు చాలితే, కాంక్రీటు స్లాబు వెయ్యండి. అప్పుడు గోడ స్లాబుకు బిగుతుగా ఆనితే చాలు, పైకి లేపనక్కరలేదు. బిగుతుగా అన్నాం. పైవరుస ఇటుకకూ స్లాబుకూ నడుమ వేలెడు సందు వదిలి, "తరువాత పూస్తాం సాబ్" అనే మేస్త్రీలను మేము చాలామందిని చూసినాం. మేమూ ఒకప్పుడు ఆ మాట అన్నవాళ్ళమే.

గ్యాసు సిలిండరు పేలితే ఈ గోడ ఆపుతుందా అని అక్కచెల్లెళ్ళు అడుగుతారు. ఆపదు. నిప్పును ఓర్చుకోవడం వేరు, పేలుడును ఓర్చుకోవడం వేరు. సిలిండరును ఉమ్మడి గోడకు ఆనించి కాక, బయటి గోడ వైపు, గాలి వచ్చే చోట పెట్టేటట్లు వంటగది గీయించండి. దాని గురించి చెప్పవలసింది చాలా ఉంది, ఇంకోసారి చెబుతాం.

ఇప్పటికే వరుస ఇండ్లలో ఉన్నవారు ఈ సభలో సగం మంది ఉంటారు. పాత మిద్దెలు ఉన్నాయి, కొత్త కాలనీలు ఉన్నాయి. ఇల్లు పగలగొట్టుకొమ్మని మేము చెప్పం. పగటిపూట ఒక టార్చిలైటు తీసుకుని అటక ఎక్కండి. ఉమ్మడి గోడ పై దాకా ఉందా, మధ్యలో ఆగిపోయిందా చూడండి. పక్కింటివారి దీపం వెలుతురు ఇటు కనిపిస్తే, అది మీకు పని చెబుతున్నట్లే. దూలాల చుట్టూ, పైపుల చుట్టూ, వైర్ల చుట్టూ ఉన్న సందులను సిమెంటుతో పూడ్చండి, లేకపోతే మట్టితోనైనా పూడ్చండి, మట్టి కాలదు. అంగళ్ళలో పసుప్పచ్చని నురుగు డబ్బాలు అమ్ముతారు, చిమ్మితే ఉబ్బి సందు నిండిపోతుంది. చూడ్డానికి బాగుంటుంది, మామూలు రకం నిప్పు తగిలితే తానే మండుతుంది. అది వద్దు. ఎలుక గూళ్ళు తీసివెయ్యండి. పడుకునే ముందు దీపాలు ఆర్పమని, ఎలుక వత్తిని ఈడ్చి ఇల్లు కాల్చగలదని హదీసులో ఉన్నది మీరందరూ విన్నదే. మా ఇంటి అటక చూసినవాళ్ళం కనుక ఆ మాట విన్నప్పుడల్లా మాకు ఒళ్ళు జలదరిస్తుంది.

పూడ్చే ముందు పక్కింటి తలుపు తట్టి చెప్పండి. గోడ ఇద్దరిదీ, చెప్పకుండా సుత్తి తీసుకుంటే తగాదా అవుతుంది. "భాయీ, మీ వైపు ఎట్లా ఉంది, ఒకసారి చూద్దామా?" అంటే ఎవరూ కాదనరు. ఖర్చు చెరిసగం అన్నా సరే, మొత్తం మీరే పెట్టుకున్నా సరే, ఒక తట్ట సిమెంటుకు ఎంతవుతుంది?

కమిటీ పెద్దలకు మా కోరిక ఇది. వరుస రెండుగా చెయ్యండి. నడిమి గోడలు తొమ్మిదంగుళాలు, పునాది నుంచి కప్పు దాటి. ఉమ్మడి గోడలో తాక్‌లు లేవు, ఎదురెదురు బోర్డులు లేవు, పైపులు లేవు. ఆ ఎనిమిది, తొమ్మిది వేల ఇటుకల్లో వెయ్యి ఇటుకలు మా వంతు, ఈ సభలోనే రాయించుకోండి. ముగ్గు పోసే రోజు మాకు చెప్పి పంపితే టేపు పట్టుకుని వస్తాం. ఎండలో నిలబడే ఓపిక ఇంకా ఉంది. ఆ పిల్లవాడిని, లెక్కల్లో మమ్మల్ని ఓడించిన ఇంజనీరును, కూడా పిలవండి. కన్నాలు పూడ్చేటప్పుడు నిచ్చెన ఎక్కడానికి మాకు మోకాళ్ళు సహకరించవు.